పక్షవాతం వచ్చిన చెయ్యి ఇంటి దగ్గర ఎంత పనిచేస్తోంది: రెండు మణికట్టు సెన్సర్లతో కొలిచే తీరు

పక్షవాతం వచ్చినవాళ్ళ చేతికి మేం పెట్టే పరీక్షల్లో రెండు బాగా వాడుకలో ఉన్నాయి. ఫూగల్-మేయర్ పరీక్షలో చేతికి 66 మార్కులు, యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్, పొట్టిగా ఆరాట్‌లో 57. చెక్క దిమ్మలు ఎత్తిస్తాం, ఒక గ్లాసులో నీళ్ళు ఇంకో గ్లాసులోకి పోయిస్తాం, చెయ్యి తలమీద పెట్టమంటాం. అడిగితే ఆ చెయ్యి ఏం చేయగలదో ఈ మార్కులు చెబుతాయి. ఎవరూ అడగనప్పుడు ఏం చేస్తోందో చెప్పవు. నా దగ్గరకొచ్చే ఒక పెద్దాయన భార్య ఈ తేడాని ఒక్క ముక్కలో చెప్పేసింది: “ఇక్కడ మీరు చెప్పినవన్నీ ఎత్తుతారమ్మా. ఇంటికెళ్ళాక ఆ చెయ్యి వంకీకి తగిలించిన సంచీలా వేలాడుతుంది.”

నేను కాకినాడలో ఫిజియోథెరపిస్టుని. పొద్దున క్లినిక్కు, సాయంత్రం ఇళ్ళకు వెళ్ళి వ్యాయామం చేయించడం. ఇంట్లో ఆ చెయ్యి ఎంత కదులుతోందో తెలుసుకోవడానికి రెండు చేతుల మణికట్లకూ చిన్న సెన్సర్లు కట్టి చూస్తున్నాను. ఈ పని కొత్తగా మొదలుపెట్టే ఫిజియోలకూ, ఇంట్లో పేషెంటు ఉండి కంప్యూటరు మీద కాస్త చెయ్యి తిరిగినవాళ్ళకూ ఉపయోగపడుతుందని రాస్తున్నా.

కొలవాల్సిన అవసరం నా ఒక్కదానికే తట్టింది కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో కేథరిన్ లాంగ్ అనే పరిశోధకురాలి బృందం ఏళ్ళ తరబడి దీని మీదే ఉంది. స్ట్రోక్ వచ్చి 6 నెలలు దాటినవాళ్ళకు 8 వారాలపాటు, మొత్తం 32 సెషన్లు పెట్టి, కొందరికి 3200 సార్లు, కొందరికి 6400, కొందరికి 9600 సార్లు చేతితో పనులు చేయించారు. 2016లో ఆ ఫలితాలొచ్చాయి. ఎక్కువసార్లు చేయించినంత మాత్రాన ఎక్కువ మార్కులేమీ రాలేదు. వాళ్ళ మణికట్లకు కట్టిన సెన్సర్ల లెక్క 2017లో బయటపెట్టారు: రోజువారీ జీవితంలో ఆ చేతి వాడకం మారలేదు. ఇది చదివాక, మార్కులు పెరిగాయని చెప్పి పేషెంటుని ఇంటికి పంపేయడం నాకు నచ్చడం మానేసింది.

ఏ సెన్సర్ కొనాలి

స్మార్ట్‌వాచ్ వద్దు. అడుగులు, గుండె వేగం చూపిస్తుందేగానీ లోపలి అసలు లెక్కని చాలా వాచీలు మీ చేతికివ్వవు. పైగా తెర ఉంటే పేషెంటు మాటిమాటికీ చూసుకుంటాడు, ఆ చూసుకోవడమే ఒక కదలిక అయి కూర్చుంటుంది. మనకు కావలసింది యాక్సిలరోమీటరు: మూడు దిక్కుల్లో వేగం ఎలా మారుతోందో సెకనుకు పదుల సార్లు రాసిపెట్టుకునే పరికరం. పరిశోధనల్లో ఆక్టిగ్రాఫ్ వాళ్ళవి ఎక్కువగా కనిపిస్తాయి. నేను వాడేది యాక్సివిటీ కంపెనీ ఏఎక్స్3. బరువు 11 గ్రాములు, తెర లేదు, మీట లేదు, దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఉచితం. యూఎస్‌బీ తీగతో ఛార్జింగూ అయిపోతుంది, డేటా కూడా దిగుతుంది.

ఖర్చు తగ్గుతుంది కదాని ఒక్కటే కొని పడిపోయిన చేతికి కడదామనుకోకండి. ఆ రోజు మనిషి జ్వరంతో పడుకున్నాడా, లేక మనిషి తిరుగుతూనే ఉండి చెయ్యి మాత్రం ఊరుకుందా అన్నది ఒక్క సెన్సర్‌తో తేలదు. రెండో చెయ్యే దీనికి కొలబద్ద.

సెకనుకు ఎన్నిసార్లు రాయాలన్నది 50 హెర్ట్జ్ పెట్టండి, పరిధి 8 జి (ఒక జి అంటే భూమి ఆకర్షణంత త్వరణం). చేతి పనులకు అది ధారాళంగా సరిపోతుంది. ఒక రోజంటే 86,400 సెకన్లు. 50 హెర్ట్జ్ మీద ఒక్క చేతికే 43 లక్షల 20 వేల వరసలు తయారవుతాయి. ఎక్సెల్ పట్టేది 10,48,576 వరసలే. అసలు ఫైలుని నేరుగా ఎక్సెల్లో తెరిస్తే తొలి ఆరు గంటలో ఎంతో కనిపించి మిగతాది కోసుకుపోతుంది, అదే రోజంతా అనుకుని లెక్క కట్టేస్తారు. ముందు సెకనుకొక వరసగా కుదించుకోవాలి. ఎలాగో కింద చెబుతాను.

కట్టే ముందు

రెండు సెన్సర్లనీ ఒకే కంప్యూటరుకి, ఒకే కూర్చోవడంలో తగిలించి సమయం పెట్టండి. తర్వాత రెండింటినీ జతగా గుప్పిట్లో పట్టుకుని బల్ల మీద నాలుగైదు సార్లు గట్టిగా తట్టండి. విప్పిన తర్వాత కూడా అంతే. గ్రాఫులో రెండు చోట్లా ఆ తట్టుళ్ళు నిలువు గీతల్లా కనబడతాయి. మొదటి జత కలిసి, చివరి జత ఒకటి రెండు సెకన్లు తప్పిందంటే ఒక గడియారం జారింది. రోజు మొత్తం మీద కుడి ఎంత, ఎడమ ఎంత అని చూసేటప్పుడు ఆ తేడా లెక్కలోకి రాదు. సెకను సెకనుకీ రెండు చేతుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చాలంటే మాత్రం సరిచేసుకోవాలి.

ఏది ఏ చేతిదో పట్టీ మీద చెరిగిపోని ఇంకుతో రాయండి: “ఎ”, “కు”. మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి అని రాయొద్దు. ఆ పట్టీని ఆయన రోజంతా చూసుకుంటూ ఉంటాడు. సెన్సర్ నంబరు, చెయ్యి, తేదీ మీ నోటుబుక్కులో వేరేగా రాసుకోండి, ఎందుకంటే ఫైళ్ళు దిగాక వాటిని చూసి ఏది ఎడమో చెప్పడం కుదరదు.

కట్టే చోటు మణికట్టు ఎముక గుబ్బకి కాస్త పైన, మోచేతి వైపు. రెండు చేతులకీ ఒకే ఎత్తులో, ఒకే ముఖంగా. ఇక గాజుల సంగతి. మట్టి గాజులు సెన్సర్‌కి తగిలినప్పుడల్లా గ్రాఫులో చిన్న చిన్న పొడుపులు వస్తాయి. అలాగని గాజులు తీసేయమ్మా అని మాత్రం అనకండి. భర్త ఉన్న ఆడమనిషిని, అందులోనూ జబ్బుతో ఉన్నమనిషిని ఆ మాట అడిగితే ఇంటిల్లిపాదీ ముఖాలు మాడ్చుకుంటారు, రేపట్నుంచి మిమ్మల్ని గడప తొక్కనివ్వరు. సెన్సర్‌ని ఇంకో రెండు వేళ్ళ పైకి జరిపి, పైన మెత్తటి క్రేప్ బ్యాండేజీ ఒక చుట్టు చుట్టండి. గాజులు ఆ కట్టు దగ్గరే ఆగిపోతాయి. రెండో చేతికీ సరిగ్గా అలాగే చుట్టాలి.

పడిపోయిన చేతికి పట్టీ బిగించేటప్పుడు జాగ్రత్త. ఆ చేతికి స్పర్శ తగ్గి ఉండొచ్చు, సాయంత్రానికి నీరు దిగి వాయొచ్చు. పట్టీ కోసుకుపోతున్నా ఆయనకు తెలియదు. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి. పడుకునే ముందొకసారి, లేచాక ఒకసారి ఇంట్లోవాళ్ళు పట్టీ తీసి చర్మం చూడాలి, ఎర్రగా కమిలితే ఆ రోజుకి ఆపేయాలి. ఇది మాటల్లో చెప్పి వదిలేయకుండా, చూడాల్సినవాళ్ళ చేత ఒకసారి తీయించి, పెట్టించి మరీ వెళ్ళండి.

“కరెంటు షాకు ఇస్తుందా?”, “మేం మాట్లాడుకునేది రికార్డవుతుందా?” అన్న రెండు ప్రశ్నలూ ప్రతి ఇంట్లోనూ వస్తాయి. రెండింటికీ కాదనే జవాబు. మాట వినదు, బొమ్మ తీయదు, మనిషి ఎక్కడున్నాడో దానికి తెలియదు. అడగకముందే మీరే చెప్పేస్తే మంచిది.

ఏ రోజు, ఎంతసేపు

పొద్దున లేచింది మొదలు మర్నాడు అదే వేళ దాకా. రెండు రోజులు కొలవండి: ఒకటి వ్యాయామం ఉన్న రోజు, ఒకటి లేని రోజు. పెళ్ళి, తద్దినం, చుట్టాలు దిగిన ఆదివారం పనికిరావు. స్నానానికో, నూనె మర్దనకో తీయాల్సొస్తే రెండూ కలిపి తీయాలి, కలిపి పెట్టాలి. ఒక్కటే తీస్తే ఆ అరగంట ఒక చేతికి సున్నా, ఇంకో చేతికి లెక్క, రెండు చేతుల నిష్పత్తి మొత్తం పాడు.

డైరీ లేకుండా సెన్సర్ కట్టడం దండగ అంటాను నేను. పెద్ద రాతలేం అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం మీద గంటలు వేసి ఫ్రిజ్జు మీద అంటించండి. లేచిన వేళ, టిఫిను, స్నానం, భోజనం, పగటి నిద్ర, నడక, ఆటో ప్రయాణం, వ్యాయామం, ఎవరైనా ఆ చెయ్యి పట్టుకుని కదిలించిన వేళ. చివరిది ముఖ్యం. కోడలు పావుగంట ఆ చెయ్యి పట్టుకుని ఆడిస్తే సెన్సర్‌కి అది ఆయన చేసిన పనిలాగే కనిపిస్తుంది. బాగున్న చేత్తో పడిపోయిన చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నా అంతే.

ఇంకో మాట. ఇంట్లో ఆయన వయసువాళ్ళు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఒప్పుకుంటే, భార్యో అన్నగారో, వాళ్ళకీ ఒక రోజు కట్టండి. సెయింట్ లూయిస్ బృందం 2013లో ఏ జబ్బూ లేని 74 మంది పెద్దవాళ్ళని కొలిస్తే, అలవాటు చెయ్యి రోజుకు సగటున 9.1 గంటలు, రెండో చెయ్యి 8.6 గంటలు కదిలింది. రెండో చేతి గంటల్ని అలవాటు చేతి గంటలతో భాగిస్తే వచ్చే నిష్పత్తి సగటున 0.95. అంటే కుడిచేతివాటం మనుషుల్లో కూడా ఎడమ చెయ్యి దాదాపు కుడి చేతితో సమానంగా తిరుగుతుంది. అది చాలామంది ఊహించరు. “ఎడమ చెయ్యే కదా పోయింది, కుడి బాగానే ఉంది” అని ఓదార్చేవాళ్ళకి ఈ అంకె చూపిస్తుంటాను. కాకపోతే వాళ్ళు చెంచాతో, ఫోర్కుతో తినేవాళ్ళు. మనం కుడి చేత్తో కలుపుకుని తింటాం, ఎడమ చేత్తో ఏదైనా ఇస్తే పెద్దవాళ్ళు కసురుతారు. అందుకే పోలికకి పక్కనున్న మనిషే నాకు ఎక్కువ నమ్మకం.

లెక్క కట్టడం

ఇక్కడ రెండు దారులున్నాయి. పైథాన్ తెలిసినవాళ్ళకి, ఆక్టిగ్రాఫ్ తన “కౌంట్” (కదలిక ఎంత జోరుగా ఉందో చెప్పే అంకె) లెక్కని 2022లో బయటపెట్టి ఏజీకౌంట్స్ అనే ఉచిత ప్యాకేజీగా ఇచ్చింది. అది 0.25 నుంచి 2.5 హెర్ట్జ్ మధ్య కదలికల్నే ప్రధానంగా ఉంచుతుంది. చేతి పనులు ఎక్కువగా ఆ వేగంలోనే ఉంటాయి, భూమి ఆకర్షణ, బండిలో వచ్చే వేగమైన వణుకు చాలావరకు వడపోతలో పోతాయి. మూడు దిక్కుల కౌంట్లని వర్గం చేసి కూడి వర్గమూలం తీస్తే ఒక్క అంకె వస్తుంది. ఎపోక్, అంటే ఒక్క అంకెగా కుదించే కాలం ముక్క, 1 సెకను పెట్టండి. ఆ సెకనులో అంకె 2గానీ అంతకు మించిగానీ ఉంటే చెయ్యి కదిలినట్టు, లేకపోతే ఊరుకున్నట్టు.

పైథాన్ రాకపోతే ఏఎక్స్3తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే ఎస్‌వీఎం అనే ఎగుమతి ఉంది, మూడు దిక్కుల కదలికనీ ఒక్క అంకెగా కలిపి ఇస్తుంది. ఎపోక్ 1 సెకనుకి మార్చి, వడపోత టిక్కు పెట్టి సీఎస్‌వీ తీసుకోండి. రోజుకి 86,400 వరసలు, ఎక్సెల్లో హాయిగా పడతాయి. కానీ ఇందులో వచ్చేవి జి విలువలు, కౌంట్లు కావు. 2 అనే గీత ఇక్కడ పనికిరాదు. మీ గీత మీరే వేసుకోవాలి: సెన్సర్ కట్టుకుని ఐదు నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి, తర్వాత ఐదు నిమిషాలు చిక్కుడుకాయలు వలవండి. రెండింటి అంకెల మధ్య ఎక్కడ ఖాళీ కనబడుతుందో అక్కడ గీత. ఒకసారి వేసిన గీతని ఆ పేషెంటుకి చివరిదాకా మార్చకూడదు, ఈ దారిలో వచ్చిన గంటల్ని కౌంట్ల దారిలో వచ్చిన గంటలతో పోల్చకూడదు.

డైరీ చూసి నిద్ర వేళలు, ఆటో ప్రయాణం, వేరేవాళ్ళు చెయ్యి ఆడించిన వేళలు రెండు చేతుల్లోంచీ తీసేయండి. మన రోడ్ల గతుకులు ఏ వడపోతకీ పూర్తిగా లొంగవు. మిగిలినవాటిలో గీత దాటిన సెకన్లు లెక్కపెట్టి 3600తో భాగిస్తే గంటలొస్తాయి. ఉదాహరణకి పడిపోయిన చెయ్యి 8,640 సెకన్లు, అంటే 2.4 గంటలు. బాగున్న చెయ్యి 25,920 సెకన్లు, 7.2 గంటలు. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 0.33. ఇదే వాడకం నిష్పత్తి. నడకలో రెండు చేతులూ ఊగుతాయి కాబట్టి గంటల్లో అదంతా కలిసిపోతుంది. డైరీలో నడక వేళ ఉంటే, తీసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్క కట్టి రెండూ రాసుకోండి.

నిష్పత్తి ఒక్కదాన్నీ ఎప్పుడూ నమ్మొద్దు, పక్కన గంటలు రాయాల్సిందే. కుడి చెయ్యి పడిపోయిన ఇళ్ళలో ఇది తరచూ చూస్తాను. ఎడమ చేత్తో తినడానికి మనిషికి మనసొప్పదు, చెంచా ఇస్తే చిన్నతనం అనుకుంటాడు, చివరికి భార్యే కలిపి నోట్లో పెడుతుంది. నీళ్ళ గ్లాసు అందిస్తారు, చొక్కా తొడుగుతారు. పడిపోయిన చెయ్యి గంట, బాగున్న చెయ్యి రెండు గంటలు కదిలిందనుకోండి, నిష్పత్తి 0.5. పైన చెప్పిన 0.33 కంటే మెరుగ్గా కనబడుతుంది. నిజానికి ఆ ఇంట్లో రెండు చేతులూ పడిపోయాయి.

ఇంకాస్త లోతుకెళ్ళాలనుకునేవాళ్ళు సెకను సెకనుకీ రెండు చేతుల బలాన్ని పోల్చవచ్చు: సున్నా రాకుండా రెండింటికీ 1 కలిపి, పడిపోయిన చేతి కౌంట్లని బాగున్న చేతి కౌంట్లతో భాగించి, సహజ లాగరిథం తీయడం. సున్నా వస్తే ఆ సెకనులో రెండు చేతులూ సమానం. ఒక చెయ్యే కదిలిన సెకన్లకి పరిశోధకులు −7 లేదా +7 వేస్తారు. నాకు ఇంటి పనికి ఇంత అవసరం పడలేదు.

సెన్సర్‌కి కనబడనివి

మణికట్టు కదిలితేనే దానికి తెలుస్తుంది. వేళ్ళు దానికి కనబడవు. జపమాల తిప్పే చెయ్యి, బొత్తాం పెట్టే వేళ్ళు, ఫోను మీద బొటనవేలు చాలావరకు లెక్కలోకి రావు. పట్టుకుని కదలకుండా ఉండడం కూడా రాదు: వెల్లుల్లి వలిచేటప్పుడు పాయని అదిమి పట్టుకున్న ఎడమ చెయ్యి, సంచీ మోస్తున్న చెయ్యి నిజంగా పనిలో ఉన్నా గ్రాఫులో దాదాపు పడుకున్నట్టే ఉంటాయి. దాన్నీ డైరీలోనే రాయించాలి. మరోవైపు, వణుకు, బిగుసుకున్న చెయ్యి తనంతట తాను అదరడం కొంతమేర కదలికగా పడొచ్చు. అలాంటి పేషెంటు ఒళ్ళో చెయ్యి పెట్టుకుని ఉన్న పది నిమిషాల్ని విడిగా చూసి, ఎన్ని సెకన్లు ఊరికే గీత దాటుతున్నాయో ముందే తెలుసుకోండి. అందుకే ఆరాట్ మానేసి సెన్సర్ పట్టుకోమనడం లేదు. రెండూ ఒకే వారంలో చేయండి.

గ్రాఫు చూపించి ఏం చెప్పాలి

రోజు మొత్తానికి వచ్చిన ఒక్క నిష్పత్తిని ఇంట్లోవాళ్ళ ముందు పెట్టకండి. 0.33 అనగానే అది పాసా ఫెయిలా అని అడుగుతారు, ఆ తర్వాత ఆయన్ని తిట్టడం మొదలవుతుంది. నేను గంటగంటకీ రెండు కడ్డీలు గీసి, డైరీ పక్కన పెట్టి చూపిస్తాను. ఎడమ చెయ్యి పడిపోయిన ఒక రిటైర్డ్ మాస్టారి గ్రాఫులో వ్యాయామం గంటలో ఎడమ కడ్డీ కుడిదానికి సగం దాటి లేచింది. మిగతా రోజంతా నేలబారు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య కుడి కడ్డీ రోజులోకెల్లా ఎత్తు, ఎడమది దాదాపు లేనట్టే. “ఆ రెండు గంటల్లో ఏం చేస్తారు మాస్టారూ?” అంటే, “ఏముందమ్మా, మొహం కడుక్కోవడం, పేపరు, స్నానం, పంచె కట్టుకోవడం” అన్నారు. అన్నీ రెండు చేతుల పనులే.

చేయించాల్సిన పని అక్కడే దొరుకుతుంది. ఆ రెండు గంటల్లో నాలుగు పనులు ఎంచుకోమన్నాను. పేస్టు ట్యూబు ఎడమ చేత్తో పట్టుకుని మూత కుడి చేత్తో తిప్పడం, పేపరు రెండు వైపులా పట్టుకుని పేజీ తిప్పడం, చెంబుని ఎడమ చేత్తో ఒడిసి పట్టి కుడి చేత్తో ఎత్తడం, తుండు రెండు చేతులా పిండడం. పంచె ముడి ఇప్పుడే వద్దన్నాను, జారితే అవమానపడి మొత్తం మానేస్తారు. మాస్టారి భార్యకి ఒక్క మాటే చెప్పాను: అందించే ముందు పదంకెలు లెక్కపెట్టండి, అప్పటికీ ఆయన చెయ్యి రాకపోతే అందించండి.

మళ్ళీ కొలిచేది నెల దాటాక, అదే రకం రోజుల్లో, అదే గీతతో. రోజుకీ రోజుకీ మామూలుగానే ఎగుడుదిగుళ్ళుంటాయి కాబట్టి పది నిమిషాల తేడా చూసి పండగ చేసుకోకండి. మొదటిసారి కొలిచిన రెండు రోజుల మధ్య ఎంత తేడా ఉందో చూసుకుని, మార్పు దాన్ని బాగా దాటితేనే మార్పు అనండి. ఆరాట్ మార్కులు పెరిగి, పొద్దుటి గంటల కడ్డీ మాత్రం లేవకపోతే, నేను క్లినిక్ సెషన్లు తగ్గించేసి పొద్దున ఏడింటికే వాళ్ళింటికి వెళ్తాను. ఆ పూట వ్యాయామం నూతి గట్టు దగ్గరా, అద్దం ముందూ, వరండాలో పేపరు దగ్గరా.